జబ్బు ఒకటే, పేర్లు అనేకం

సహాయం కోరే కుటుంబాలు తెచ్చే వైద్య కాగితాలలో ఒకదాని మీద ‘ఎ.ఎల్.ఎస్.’ అని, మరొకదాని మీద ‘మోటార్ న్యూరాన్ డిసీజ్’ అని ఉండవచ్చు. ఇంట్లోవారేమో ‘నరాల బలహీనత’ అంటారు. కాగితాలలో ఏదో తేడా ఉందని దాతలు అనుమానించకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మెదడు, వెన్నుపాముల నుంచి కండరాలను కదిలించే నాడీకణాలే మోటార్ న్యూరాన్లు. అవి క్రమంగా నశిస్తే కండరాలు సన్నబడతాయి. చేయి, కాలు, మాట, మింగడం, చివరకు ఊపిరి కూడా దెబ్బతింటాయి.

ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ జబ్బును 1869లో వివరించి, 1874లో ‘అమయోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్’ అని పేరు పెట్టాడు. పోషణ లేక కండరాలు క్షీణించడం, వెన్నుపాము పక్కభాగాలు గట్టిపడటం అని దాని భావం. ఎ.ఎల్.ఎస్. దాని పొట్టిపేరే. ఫ్రాన్సులో దీన్ని నేటికీ ‘షార్కో జబ్బు’ అంటారు. అమెరికాలో ప్రసిద్ధ బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్‌కు 1939లో ఇది బయటపడింది. 1941లో, 37 ఏళ్లకే ఆయన మరణించాడు. అప్పటినుంచి అక్కడ అది ‘లూ గెరిగ్ జబ్బు’. బ్రిటన్‌లో మోటార్ న్యూరాన్ డిసీజ్ అనే మాటే వాడుక. నిజానికి అది ఒక కుటుంబం పేరు. అందులో ఎక్కువగా కనిపించేది ఎ.ఎల్.ఎస్.

అదే కుటుంబంలో ‘మద్రాసు రకం’ ఒకటుంది. దక్షిణ భారతంలో కనిపించే ఈ రకం చిన్న వయసులో మొదలవుతుంది, చెవుడు తెస్తుంది, నెమ్మదిగా ముదురుతుంది. ఇక ‘మల్టిపుల్ స్క్లెరోసిస్’ పేరు దగ్గరగా ఉన్నా పూర్తిగా వేరే జబ్బు, దాని మందులూ వేరు. ‘నరాల బలహీనత’ అన్న మాటను నమ్మి టానిక్కులతో నెలలు గడిపేవారికే అసలు నష్టం.

ఎ.ఎల్.ఎస్.ను నయం చేసే మందు ఇంకా లేదు. రిలుజోల్ అనే మాత్ర ఆయుష్షును కొద్ది నెలలు పొడిగిస్తుంది. చక్రాల కుర్చీ, ఆహారపు గొట్టం, శ్వాసయంత్రం, పక్కన ఒక మనిషి, ఇవే రోగికి ఆసరా.

కాబట్టి దాతలకు మా మనవి ఒక్కటే. కాగితం మీద పేరు ఏదైనా, నాడీవైద్యుని నిర్ధారణ ఉందో లేదో చూడండి. రోగి నేడు నడవగలుగుతున్నారా, మింగగలుగుతున్నారా అని అడగండి. ఆలస్యమైతే, మనం కుర్చీ పంపేనాటికి ఆ ఇంట్లో శ్వాసయంత్రం అవసరం వచ్చి ఉంటుంది.