చిన్న రైలుకు పెద్ద మనసులు

పాకాల జంక్షనులో రెండు రైలుదారులు కలుస్తవి. కాట్పాడి నుంచి చిత్తూరు మీదుగా తిరుపతికి పోయేది ఒకటి. పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరం చేరేది రెండవది. ఈ రెండూ పుట్టుకతో మీటరు గేజి దారులు. పట్టాల నడుమ ఎడం వేయి మిల్లీమీటర్లు. 19వ శతాబ్ది చివర వేసిన ఆ సన్న పట్టాల మీద ఏడుకొండలవాని దర్శనానికి తరలివచ్చిన యాత్రికులెందరో! నేడవి 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి దారులు. పాకాల–ధర్మవరం మార్గం 2010లో మారినది. కాట్పాడిలో మూటాముల్లె దించుకొని బండి మారవలసిన బాధ తప్పినది. ఈ మార్పును కాదనేవారెవరు? అయితే పాతది పోవలసి వచ్చినప్పుడు, ఆనవాలైనా మిగలకుండా పోవలసినదేనా?

ఈ ప్రశ్నకు దూరదేశంలో ఒక ఊరివారు చెప్పిన సమాధానం వినదగినది.

బ్రిటనులోని వేల్సు ప్రాంతంలో, సముద్రపుటొడ్డున టవిన్ అనే చిన్న పట్టణమున్నది. మన మార్కాపురం పలకల వంటి రాతిని కొండగని నుంచి దింపేందుకు 1865లో అక్కడ టాలిలిన్ రైలుదారి వేసినారు. పట్టాల ఎడం 686 మిల్లీమీటర్లే. 1911 నుంచి దాని యజమాని సర్ హేడన్ జోన్సు. 1946లో గని మూతపడినా ఆయన నష్టానికోర్చి బండి నడిపించినారు. 1950లో ఆయన కన్నుమూయగా, ఇక పట్టాలు తుక్కు బేరగాళ్ల పాలేనని అందరూ అనుకున్నారు.

అప్పుడు టామ్ రోల్ట్ అనే ఇంజనీరు, రచయిత పూనుకొన్నారు. 1950 అక్టోబరులో బర్మింగ్‌హామ్ నగరాన సభ జరిగినది; సంఘం ఏర్పడినది. జోన్సుగారి భార్య వాటాలను అప్పగించేందుకు ఒప్పుకున్నారు. 1951 మే 14న బండి తిరిగి కదిలినది. స్వచ్ఛంద సేవకులు నిలబెట్టిన రైలుదారులలో ప్రపంచంలో ఇదే మొదటిది.

నాడు వారి చేతిలో ఉన్నవి రెండే ఇంజన్లు. అందులో ఒకటి కదలలేనిది. రెండవది 1866 నాటి 'డోల్గోఖ్'. పొరుగున మూతపడిన కోరిస్ రైలుదారి ఇంజన్లు రెండింటిని ఒక్కొక్కటి 25 పౌనులకు కొన్నారు. అదృష్టవశాత్తు వాటి గేజి కూడా ఇదే. సెలవులలో వచ్చినవారు గడ్డి పీకినారు, స్లీపర్లు మార్చినారు, టిక్కెట్లమ్మినారు, బాయిలరు కొలిమిలో బొగ్గు వేసినారు.

వారు కాపాడినది ఇనుమును మాత్రమేనా? చల్లారిన బాయిలరులో ఆవిరి పుట్టించేందుకు గంటలు పట్టును. ఎంత బొగ్గు, ఏ క్షణాన వేయవలెనో పుస్తకం చెప్పలేదు. పక్కన నిలిచిన పెద్దవాడు చెప్పవలెను. ఆ చేతివిద్య చేయి మారకపోతే, ఇంజను మ్యూజియంలో ఎంత మెరిసినా మూగదే.

మన దేశంలోనూ ఈ శ్రద్ధ లేకపోలేదు. 1855 నాటి 'ఫెయిరీ క్వీన్' ఇంజనును 1997లో తిరిగి నడిపించినారు. మీటరు గేజిపై నడిచే నీలగిరి కొండరైలుకు 2005లో యునెస్కో గౌరవం లభించినది. అయితే ఇవి ప్రభుత్వం చేసిన పనులు. ప్రజలు చేయవలసినది వేరే ఉన్నది.

సేవాబుద్ధి మనవారికి కొత్త కాదు. 2000లో ఆరంభమైన శ్రీవారి సేవలో వేలాది మంది పైసా ఆశించక తిరుమల యాత్రికులకు అన్నమూ నీరూ అందించినారు. రథం కదిలేనాడు పగ్గం పట్టేవారు కూలి అడుగుదురా? ఆ మనసులో కాస్త భాగం పాత రైలుకు దక్కితే చాలును.

ఇంజను నడపడం తరువాతి మాట. బ్రాడ్ గేజిపై ఆవిరి ఇంజన్ల కాలం 1995లోనే ముగిసినది. మీటరు గేజి బండ్లలో బొగ్గు వేసినవారు, జెండా ఊపినవారు, పట్టాలు కాచినవారు ఇప్పుడు వృద్ధులు. వారి దగ్గర కూర్చుండి, చెప్పినది రాసుకొనేందుకు పెట్టుబడి అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక ఆదివారం చాలును. కాని ఆ ఆదివారాన్ని వాయిదా వేయరాదు. రైలు తప్పితే మరొక రైలు వచ్చును. మనిషి వెళ్లిపోతే ఆ మాట తిరిగి రాదు.