మాయామాళవగౌళకు పాలెట్‌లో చోటు

నొటేషన్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే మధ్యలో ఐదు గీతల కాగితం, అంటే స్టాఫ్, కనిపిస్తుంది. దాని చుట్టూ ఉన్నదంతా సరంజామా. పైన స్వరం నిడివి ఎంచుకునే టూల్‌బార్, ఎడమవైపు సంగీత గుర్తులన్నీ ఉండే పాలెట్లు, వాద్యాల జాబితా, ఎంచుకున్న స్వరం వివరాలు చూపే ప్రాపర్టీస్ ప్యానెల్, కావాలంటే కింద మిక్సరూ పియానో మెట్లూ. వీటిలో ఏది ఎక్కడ ఉండాలి, ఏది కనబడాలి, ఏది దాగాలి అన్న ఏర్పాటునే వర్క్‌స్పేస్ అంటారు. ప్రోగ్రామ్‌తోపాటు వచ్చే ఏర్పాటు పాశ్చాత్య సంగీతం రాసేవారిని దృష్టిలో పెట్టుకుని చేసింది. త్యాగరాజ కృతిని స్టాఫ్‌లోకి దించేవారు గానీ, సినిమా పాటకు వయొలిన్ల వరస రాసేవారు గానీ ఆ దృష్టిలో లేరు. మనవాళ్లు దీన్ని సుఖంగా వాడాలంటే ముందు కాస్త సర్దుకోక తప్పదు.

ఈ రంగంలో పెద్ద పేర్లు నాలుగు. ఫినాలే 1988లో వచ్చింది. ఇంగ్లండ్‌కు చెందిన కవల సోదరులు బెన్ ఫిన్, జోనథన్ ఫిన్ తయారుచేసిన సిబేలియస్ 1993లో వచ్చింది. 2006లో దాన్ని ఎవిడ్ కొనుక్కుంది. 2012లో సిబేలియస్ లండన్ కార్యాలయం మూతపడితే అక్కడి బృందాన్ని స్టైన్‌బర్గ్ చేరదీసింది, వాళ్ల చేతుల్లోంచే 2016లో డోరికో వచ్చింది. మ్యూజ్‌స్కోర్ 2002లో వెర్నర్ ష్వీర్ మొదలుపెట్టిన ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. 2022 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్‌తో దాని ముఖమే మారిపోయింది. ఫినాలేను ఇక అభివృద్ధి చేయబోమని 2024 ఆగస్టులో ప్రకటన వెలువడ్డాక, దాన్ని ఏళ్ల తరబడి వాడినవారు వేళ్లకు పట్టిన అలవాట్లను కొత్తచోట మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు కాబట్టి మన విద్యార్థుల చేతికి ముందుగా అందేది మ్యూజ్‌స్కోరే. ఇక్కడి వివరాలు చాలావరకు దానివే.

ఆ విద్యార్థుల చేతిలో ఎలాంటి యంత్రం ఉంటుందో చూడాలంటే హైదరాబాద్‌లోని అమీర్‌పేటకు వెళ్లాలి. ఆ పేరు వినగానే మైత్రీవనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు గుర్తొస్తాయి. ఇక్కడినుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ దూరంలో ఉన్న పంజాగుట్ట దాకా హాస్టళ్లే హాస్టళ్లు. ఆ గదుల్లో ఉండేది సాధారణంగా కోర్సు కోసం కొన్న లాప్‌టాప్, తెర 14 అంగుళాలు, పాతదైతే రిజల్యూషన్ 1366 బై 768. కోడ్ రాయడానికి అది చాలు. స్కోరు రాయడానికి కూర్చుంటే మాత్రం చిక్కు మొదలవుతుంది. ఎడమన పాలెట్లు, కింద మిక్సర్, దాని కింద పియానో మెట్లు తెరిచి ఉంచితే స్కోరుకు మిగిలేది రెండు మూడు వరసల చోటు. అయితే అమీర్‌పేటలో జావా నేర్చుకున్నవారికి ఒక సౌలభ్యం ఉంది. ఎక్లిప్స్, విజువల్ స్టూడియో కోడ్ వంటి ఎడిటర్లలో ప్యానెళ్లను ఈడ్చి అంచుకు అతికించడం, ట్యాబ్‌లుగా పేర్చడం వాళ్లకు ముందే అలవాటు. ఇక్కడా పద్ధతి అదే.

మ్యూజ్‌స్కోర్‌లో ఎఫ్7 నొక్కితే వాద్యాల ప్యానెల్, ఎఫ్8 నొక్కితే ప్రాపర్టీస్, ఎఫ్9 నొక్కితే పాలెట్లు, ఎఫ్10 నొక్కితే మిక్సర్ వస్తాయి. మళ్లీ నొక్కితే పోతాయి. పియానో మెట్లకు ఉత్త పి చాలు. చాలా లాప్‌టాప్‌లలో ఈ ఎఫ్ మీటలకే వెలుతురు, సౌండు పనులు కూడా అప్పగించి ఉంటాయి గనక వాటితోపాటు ఎఫ్ఎన్ మీట కూడా పట్టుకోవాల్సి రావచ్చు. ప్యానెల్ పేరు పక్కనున్న మూడు చుక్కల మెనూలో అన్‌డాక్ ఎంచుకుంటే అది విడిపోయి సొంత కిటికీ అవుతుంది. రెండో మానిటర్ ఉన్నవారు మిక్సర్‌ను అక్కడికి పంపేయవచ్చు. ఒకే తెర ఉన్నవారికి అన్నీ మూసేసి, అవసరమైనప్పుడు మీట నొక్కి తెప్పించుకోవడమే మేలు. టూల్‌బార్ చివరనున్న గేర్ గుర్తు నొక్కితే అందులోని ఒక్కో బొత్తాన్నీ దాచే వీలుంది. ఎన్నడూ వాడని గుర్తులు అక్కడ కూర్చుని చేసే మేలేమీ లేదు.

డోరికోలో ఏర్పాటు వేరు. అక్కడ పనినిబట్టి తెర మొత్తం మారుతుంది: వాద్యాలు ఎంచుకునే చోట ఒక రూపం, స్వరాలు రాసే చోట ఒకటి, అచ్చుకు సిద్ధం చేసే చోట మరొకటి. కంట్రోల్‌తో 7 ఎడమ ప్యానెల్‌కు, 8 కింది ప్యానెల్‌కు, 9 కుడి ప్యానెల్‌కు. 0 నొక్కితే అన్నీ ఒకేసారి తప్పుకుని కాగితం మాత్రమే మిగులుతుంది. సిబేలియస్‌లో 2011 నుంచి పైన వెడల్పాటి రిబ్బన్ ఉంది, దాన్ని మడిచేస్తే తెరకు ఊపిరి ఆడుతుంది.

తెర తర్వాత సర్దుకోవాల్సింది చేతికింది మీటలు. స్వరం నిడివిని అంకెలతో ఎంచుకోవడం ఈ ప్రోగ్రాములన్నింటిలోనూ ఉన్నదే, కానీ ఏ అంకెకు ఏ నిడివి అన్నదానిలో ఏకాభిప్రాయం లేదు. క్వార్టర్ నోట్, అంటే మామూలు ఒక దెబ్బ స్వరం, సిబేలియస్‌లో 4, మ్యూజ్‌స్కోర్‌లో 5, డోరికోలో 6. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినవారి స్కోరులో మొదటి వారమంతా లయ రెట్టింపో సగమో అయి కనబడటానికి కారణం ఇదే. పైగా సిబేలియస్ పనితీరు కీబోర్డు కుడివైపు ఉండే అంకెల దిమ్మె మీద ఆధారపడింది. చిన్న లాప్‌టాప్‌కు ఆ దిమ్మె ఉండదు. ప్రిఫరెన్సెస్‌లో లాప్‌టాప్ షార్ట్‌కట్ల వరసను ఎంచుకుంటే పై వరస అంకెలు ఆ పని చేస్తాయి. లేదంటే యూఎస్‌బీకి తగిలించుకునే అంకెల కీప్యాడ్ విడిగా దొరుకుతుంది. మ్యూజ్‌స్కోర్‌లో ఏ ఆజ్ఞకైనా నచ్చిన మీట కేటాయించుకోవచ్చు, ఆ జాబితానంతా ఒక ఫైలుగా బయటికి తీసి దాచుకోవచ్చు కూడా.

ఇక అసలు విషయం పాలెట్లది. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ వరుసలు మొదలుపెట్టేది మాయామాళవగౌళలో. షడ్జమాన్ని సి దగ్గర పెడితే ఆ రాగంలో డి, ఎ రెండూ ఫ్లాట్, మిగతావన్నీ తెల్లమెట్లే. మ్యూజ్‌స్కోర్ పాలెట్‌లో రెండు ఫ్లాట్ల కీ సిగ్నేచర్ ఉంది గానీ, పాశ్చాత్య పద్ధతిలో రెండు ఫ్లాట్లంటే బి, ఇ. అది వేస్తే వచ్చేది ఖరహరప్రియ. పిల్లల మొదటి పాఠానికే పాలెట్‌లో గుర్తు లేదన్నమాట. లెక్క చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 72 మేళకర్తల్లో తయారుగా ఉన్న కీ సిగ్నేచర్‌తో సరిపోయేవి ఆరే: శంకరాభరణం, కల్యాణి, హరికాంభోజి, ఖరహరప్రియ, నటభైరవి, తోడి. మిగతా 66 రాగాలకూ గుర్తును సొంతంగా తయారుచేసుకోవాలి, లేదంటే స్వరం స్వరానికీ పక్కన ఫ్లాటో షార్పో తగిలిస్తూ పోవాలి. రెండోది నాలుగు ఆవర్తనాలయ్యేసరికి విసుగు తెప్పిస్తుంది, చదివేవారికి కంటికి అడ్డం కూడా.

తయారీ అంత కష్టమేమీ కాదు. షిఫ్ట్ ఎఫ్9తో మాస్టర్ పాలెట్ తెరిచి, కీ సిగ్నేచర్ల భాగంలో ఖాళీ స్టాఫ్ మీద డి చోట ఒక ఫ్లాట్, ఎ చోట ఒక ఫ్లాట్ లాగి వదిలి యాడ్ నొక్కాలి. ఆ కొత్త గుర్తును స్కోరులో వేసుకున్నాక, కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని దాన్ని సొంతంగా తెరిచిన పాలెట్‌లోకి ఈడిస్తే అక్కడ స్థిరపడుతుంది. పాలెట్‌కు రాగాలు అని పేరు పెట్టుకుని మాయామాళవగౌళ, షణ్ముఖప్రియ, చారుకేశి, సింహేంద్రమధ్యమం ఇలా తరచూ పాడేవి పది చేర్చుకుంటే రోజువారీ పని చాలావరకు గడిచిపోతుంది. డెబ్బైరెండూ పెట్టుకోవాలన్న ఉత్సాహం మొదట్లో అందరికీ కలుగుతుంది. వెతుక్కోవడానికే సమయం పోతుంది కాబట్టి ఆపుకోవడం మంచిది. గాయకుల శ్రుతి ఐదున్నరైనా ఒకటైనా రాత మాత్రం సి దగ్గర షడ్జంతో ఉంచి, కావాలంటే చివర్లో మొత్తాన్ని ట్రాన్స్‌పోజ్ చేయడం సులువు.

తాళాలకూ ఇదే ఏర్పాటు. మిశ్రచాపుకు ఏడు, అది మూడు నాలుగుగా విడిపోవాలి. ఆదితాళానికి ఎనిమిది, నాలుగు రెండు రెండుగా. టైమ్ సిగ్నేచర్‌ను ఒకసారి మార్చుకుని అదే పాలెట్‌లో పెట్టేసుకోవచ్చు.

గమకాల దగ్గర మాత్రం ఈ సర్దుబాటుకు పరిమితి ఉంది. ఐదు గీతలు స్వరస్థానాన్ని చూపుతాయి గానీ ఊపును చూపలేవు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో స్వరాక్షరాల నెత్తిన కంపితానికి అలల గీత, జారుకు వాలు గీత వంటి గుర్తులు పెట్టారు. ఆ పనికి ఆయన్ను ప్రోత్సహించిన చిన్నస్వామి ముదలియార్ 1890లలోనే కర్ణాటక కృతులను స్టాఫ్ నొటేషన్‌లో ప్రచురించారు. రెండు దారుల చిక్కులూ తెలిసిన మనిషి. అచ్చు కూర్చేవారు తరచూ వాడే అక్షరాలను చేతికి దగ్గరి గళ్లలో పెట్టుకున్నట్టే, అలల గీతను, గ్లిసాండో గీతను, మోర్డెంట్‌ను, వాటితోపాటు నొక్కు, స్ఫురితం వంటి మాటలను టెక్స్ట్‌గా రాసి ఒక గమకాల పాలెట్‌లో పెట్టుకోవచ్చు. అవి తెలిసినవారికి సూచనగా పనికొస్తాయి. ప్లేబ్యాక్ నొక్కితే కంప్యూటర్ తోడి గాంధారాన్ని చదునుగానే వాయిస్తుంది, ఎంత సర్దినా అంతే.

సాహిత్యం రాసేటప్పుడు స్వరం మీద కర్సర్ ఉంచి కంట్రోల్ ఎల్ నొక్కాలి. స్పేస్ నొక్కితే తర్వాతి స్వరానికి, హైఫన్ నొక్కితే అదే పదంలోని తర్వాతి అక్షరానికి, ఎంటర్ నొక్కితే కింది వరసకు వెళుతుంది. మొదటి వరసలో సరిగమలు, రెండో వరసలో సాహిత్యం పెట్టుకోవడం మనవారికి అనువైన పద్ధతి. మంద్ర, తారస్థాయి చుక్కలు ఇక్కడ అక్కర్లేదు, స్టాఫ్‌లో స్వరం ఎత్తే ఆ సంగతి చెబుతుంది. తెలుగు అక్షరాలకు కింద, పైన చుక్క పెట్టబోతే చాలా ఫాంట్లలో అది కుదురుగా కూర్చోదు కూడా. పదాన్ని విడగొట్టేటప్పుడు రాత ప్రకారం పోవాలి: భక్తిని భ, క్తి అని విరిస్తే నిండుగా ఉంటుంది, నోటి పలుకుబడి చూసి భక్, తి అంటే పొల్లు తెరమీద వేలాడుతుంది. మ్యూజ్‌స్కోర్ సొంత ఫాంట్ ఎడ్విన్‌లో తెలుగు లేదు కాబట్టి కంప్యూటర్ తనకు తోచిన తెలుగు ఫాంట్‌ను అరువు తెస్తుంది, మరో యంత్రంలో అది ఇంకోలా ఉండొచ్చు. ఫార్మాట్ మెనూలో స్టైల్, అందులో టెక్స్ట్ స్టైల్స్‌కు వెళితే సాహిత్యపు బేసి వరసలకు, సరి వరసలకు విడివిడిగా ఫాంట్ పెట్టుకునే వీలుంది. స్వరాలకు ఒక ఫాంట్, సాహిత్యానికి ఒకటి. సాహిత్యం అయ్యాక విండోస్ మీటతో స్పేస్ నొక్కి కీబోర్డును ఇంగ్లీషుకు మార్చుకోవాలి. తెలుగులోనే వదిలేస్తే స్వరాలు రాసే అక్షరపు మీటలు మొరాయించవచ్చు, ప్రోగ్రామే పాడైందని అనిపించవచ్చు.

ఒకే మనిషి రకరకాల పనులు చేసేటప్పుడు ఒక్కో పనికి ఒక్కో వర్క్‌స్పేస్‌ను పేరు పెట్టి దాచుకోవచ్చు. వ్యూ మెనూలో గానీ, కిటికీ కింది అంచున కుడివైపు గానీ వర్క్‌స్పేస్ పేరు ఉంటుంది. అక్కడే కొత్తది సృష్టించవచ్చు, ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకవచ్చు. కీబోర్డ్ పాఠాలకు వేలి అంకెల పాలెట్, పియానో మెట్లు ఉంటే చాలు. కృతులకు రాగాలు, తాళాలు, గమకాలు. సినిమా అరేంజర్‌కు పని వేరు. 2012లో వచ్చిన ఎటో వెళ్ళిపోయింది మనసు సినిమా పాటల్లో ఇళయరాజా బుడాపెస్ట్ ఆర్కెస్ట్రాను వాడారు. అటువంటి చోట వాద్యకారులకు రాగం పేరుతో పనిలేదు, కాగితం మీద ఏముంటే అదే వాయిస్తారు. గట్టి, మెల్లి గుర్తులు, బో గుర్తులు, ఒక్కో వాద్యానికి విడి పార్టులు, మిక్సర్ అన్నీ అందుబాటులో ఉండాలి. బి ఫ్లాట్ క్లారినెట్, ట్రంపెట్ వంటివి వాయించేవారి కాగితంలో స్వరం ఒక మెట్టు (హోల్ టోన్) పైకి రాసి ఉండాలి గనక, కింది అంచునే ఉండే కన్సర్ట్ పిచ్ బొత్తాం ఏ స్థితిలో ఉందో పార్టులు ముద్రించేముందు ఒకసారి చూసుకోవడం తప్పనిసరి.

కోచింగ్ సెంటర్, సంగీత పాఠశాల, స్నేహితుల గది వంటి చోట ఉమ్మడి కంప్యూటర్ వాడేవారు ఒక తేడా గమనించాలి. ఫాంట్లు, వరసల మధ్య ఎడం వంటి స్టైల్ అమరికలు స్కోరు ఫైలులోనే ఉండి దానితోపాటు ప్రయాణిస్తాయి. పాలెట్లు, ప్యానెళ్లు, షార్ట్‌కట్లు ఆ కంప్యూటర్‌లో, ఆ యూజర్ అకౌంట్‌లో ఉండిపోతాయి. పెన్‌డ్రైవ్‌లో స్కోరు తీసుకెళ్లి పంజాగుట్టలో తెరిస్తే అమీర్‌పేటలో చేసుకున్న రాగాల పాలెట్ అక్కడ కనబడదు. షార్ట్‌కట్ల ఫైలును స్కోరుతోపాటు పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం, రాగాల గుర్తులన్నీ వేసిన ఒక ఖాళీ స్కోరును దాచుకుని కొత్తచోట దాన్నుంచి పాలెట్‌లోకి ఈడ్చుకోవడం దీనికి విరుగుడు. ఎవరో ప్యానెళ్లన్నీ చెల్లాచెదురు చేసి వెళ్లిపోతే, వ్యూ మెనూలో రిస్టోర్ ద డిఫాల్ట్ లేఅవుట్ నొక్కితే తెర మొదటి స్థితికి వస్తుంది.