తాడు మీది చీటీ

పర్వతారోహణ సరంజామాలో ముందుగా చూడాల్సింది తాడు. బూట్లు, గొడ్డళ్లు, గ్లౌజులు దుకాణంలో ఎంత మెరిసినా ఎక్కేవారి ప్రాణం వేలాడేది దాని మీదే. అలాంటి తాడుతో ఎక్కడం నేర్చుకునే చోటు తెలంగాణలోనూ ఉంది: చౌటుప్పల్‌కు నేరుగా ఉత్తరాన, అదే జిల్లాలో, భువనగిరి కోటను మోస్తున్న ఏకశిల. పాకాలకు చెందిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఈ బండ మీద శేఖర్‌బాబు బచినేపల్లి దగ్గర శిక్షణ పొందారు. 2014 మే 25న, తెలంగాణ ఏర్పడటానికి వారం ముందు, ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు.

కొండెక్కే తాడులో రెండు భాగాలు ఉంటాయి. లోపల నైలాన్ పోగులు పేనిన పురులు బరువు మోస్తాయి. పైన బిగువుగా అల్లిన తొడుగు రాపిడిని ఓర్చుకుంటుంది. సాగడమే దీని గొప్పగుణం. సాగని తాడు మీద పడితే ఆ వేగమంతా ఒక్క కుదుపుగా నడుముకు తగులుతుంది. కొత్త తాడు కొన్నప్పుడు దాంతో వచ్చే చీటీలో ఈ సంగతంతా అంకెల్లో ఉంటుంది. పరీక్షలో 80 కిలోల బరువును తాడుకు కట్టి వదులుతారు. మొదటి పాటులో కుదుపు 12 కిలోన్యూటన్లు, అంటే సుమారు 1,200 కిలోల బరువు, దాటకూడదు. తాడు 40 శాతానికి మించి సాగకూడదు. అలాంటి పాట్లు కనీసం 5 తట్టుకోవాలి.

ఆ చీటీని అర్థం చేసుకోవడానికి చిన్న భాగహారం చాలు. పడిన దూరాన్ని, ఆ పాటును ఆపిన తాడు పొడవుతో భాగించాలి. నిట్రమైన బండ మధ్యలో తోడున్న మనిషి తాడు పట్టుకుని నిలబడ్డాడనుకుందాం. ముందు ఎక్కేవారు అతణ్ని దాటి 2 మీటర్లు వెళ్లి, దారిలో ఎక్కడా తాడు తగిలించకుండా జారితే, అతనికి కింద మరో 2 మీటర్ల దాకా పోతారు. పాటు 4 మీటర్లు, ఆపింది 2 మీటర్ల తాడు: భాగఫలం 2. అదే 4 మీటర్ల పాటును 20 మీటర్ల తాడు ఆపితే 0.2. దూరం ఒక్కటే అయినా మొదటిది నడుము విరిచేంత కుదుపు, రెండోది చిన్న ఊపు. తోడున్న మనిషిని దాటిన వెంటనే మొదటి కొక్కెం తగిలించమని గురువులు పట్టుబట్టేది ఇందుకే. ఎంత ఖరీదైన తాడూ ఈ లెక్కను మార్చలేదు.

తాడును తొక్కకూడదు. బండ మీది ఇసుక రేణువు తొడుగులోకి దిగితే లోపలి పోగులను కోస్తూనే ఉంటుంది. ఎండ నైలాన్‌ను పెళుసు చేస్తుంది, కాబట్టి పని కాగానే నీడకు చేర్చాలి. హిమాలయాల్లో శత్రువు తడి. తడిసిన తాడు బలం తగ్గుతుంది, గడ్డకడితే కర్రలా బిగుసుకుంటుంది. అక్కడ నీరు పీల్చని పూత ఉన్నది వాడాలి.

బూట్ల సంగతికి వస్తే, దక్కన్ బండలకు చలికాలమే అదను. ఎండకు కాగిన రాతి మీద మెత్తటి రబ్బరు అడుగు జారుతుంది, వేళ్లకు చెమట పడుతుంది. మంచుకొండ మీద పొరలున్న డబుల్ బూట్లు, వాటి కింద 12 ఉక్కు ముళ్ల క్రాంపాన్లు కావాలి. పూర్ణ, ఆనంద్ వెళ్లిన టిబెట్ వైపు దారిలో, శిఖరం దగ్గర్లో, ఆ ముళ్లతోనే రాతి మెట్లు ఎక్కాలి. ఉక్కుముల్లును రాతి అంచు మీద కదలకుండా నిలపడానికి బండ మీద నేర్చిన అడుగే ఆధారం.

అక్కడ ముందే కట్టి ఉంచిన తాడు వెంట జుమార్ అనే పట్టుకొక్కెం పైకి మాత్రమే జారుతుంది. మేకు దగ్గర తాడు ముడి వచ్చినప్పుడు జుమార్‌ను తీసి ముడికి అవతల తగిలించాలి. ముందు రెండో కొక్కెం అవతల వేసి, తలుపు మూసుకుందో లేదో చూసి, ఆ తర్వాతే జుమార్ తీయాలి. రెండూ ఒకేసారి తీసిన క్షణం మనిషి కొండకు కట్టి లేనట్టే. కొక్కెం తలుపు మూసి ఉంటే 20 కిలోన్యూటన్లు ఓర్చాలన్నది ప్రమాణం. తెరిచి ఉంటే 7 మాత్రమే. ఈ పనంతా మందపాటి గ్లౌజులతో, ఊపిరాడని ఎత్తులో చేయాలి. కాబట్టి ఇష్టమైన పరికరం ఏదంటే, కళ్లు మూసుకుని వాడగలిగేంత అలవాటైనదే.

చరిత్ర క్లుప్తంగా: 1908లో ఎకెన్‌స్టైన్ అనే పర్వతారోహకుడు 10 ముళ్ల క్రాంపాన్లు రూపొందించాడు, 1929లో గ్రివెల్ అనే తయారీదారు ముందు ముళ్లు చేర్చాడు. రెండో ప్రపంచయుద్ధంతో నార తాళ్ల స్థానంలోకి నైలాన్ వచ్చింది. తొడుగు తాడు 1953లో, జుమార్ 1958లో పుట్టాయి.

తాటిచెట్టు మీదికి

ఇలాంటి రక్షణ తాళ్లు, పట్టీలు ఇప్పుడు గీత కార్మికులకూ అందుతున్నాయి. 2024 జులై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. తరాలుగా మోకు మీదే ఆధారపడిన వృత్తికి ఇది ఆలస్యంగా దక్కిన హక్కు.

సిలిండర్ లెక్క

ఎవరెస్ట్ మీద ఊపిరికి తోడయ్యే 4 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 1,200 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. నిమిషానికి 2 లీటర్లు వాడితే 10 గంటలు వస్తుంది. ఇది ఎందుకంటే, ఎవరెస్ట్ శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడో వంతే.