మెడలోని గ్రంథులు, బావిలోని నీళ్ళు

వినాళ గ్రంథుల సాధారణ లక్షణాలను ముందటి భాగంలో చదివారు. వీటికి నాళాలుండవు. ఇవి స్రవించే హార్మోన్లు నేరుగా రక్తంలో కలిసి, దూరంగా ఉన్న అవయవాల పనిని నడిపిస్తాయి. ఈ భాగంలో మెడలో పక్కపక్కనే ఉండి, పేర్లు దాదాపు ఒకటే అయినా పనిలో పోలిక లేని రెండు రకాల గ్రంథులను పరిశీలిద్దాం. ఒకటి థైరాయిడ్, అంటే అవటు గ్రంథి. రెండవవి పారాథైరాయిడ్ గ్రంథులు. మొదటిది మీకు తెలిసిందే. మీ ఇంట్లోనే ఎవరో ఒకరు ఉదయం పరగడుపున ఆ మాత్ర వేసుకుంటూ ఉండవచ్చు. రెండవవాటి పేరు చాలామంది వినరు. కాని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రజల ఆరోగ్యాన్ని అర్థం చేసుకోవాలంటే వాటి గురించి తెలియాలి.

థైరాయిడ్ గ్రంథి

గొంతు ముందు భాగంలో, స్వరపేటికకు కింద, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ గ్రంథి బరువు పెద్దవారిలో సుమారు 20 గ్రాములు. ఇది తయారుచేసే థైరాక్సిన్‌లో నాలుగు, ట్రైఅయడోథైరోనిన్‌లో మూడు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. అందుకే వాటిని టి4, టి3 అంటారు. శరీరంలోని కణాలు ఎంత వేగంగా శక్తిని వినియోగించాలో ఇవి నిర్ణయిస్తాయి. ఇవి తగ్గితే అలసట, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, బరువు పెరగడం, నెలసరిలో తేడాలు కనిపిస్తాయి. ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, చెమటలు, బాగా తింటున్నా బరువు తగ్గడం వంటివి వస్తాయి.

ఈ గ్రంథిని మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోన్ ద్వారా నడుపుతుంది. టి.ఎస్.హెచ్. పెరిగితే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నట్టని పరీక్షల్లో చాలామంది రాస్తారు. సాధారణంగా జరిగేది దానికి విరుద్ధం. థైరాయిడ్ మందగించినప్పుడే దాన్ని పని చేయించడానికి పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్.ను పెంచుతుంది.

పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. గర్భిణికి 250 కావాలి, ఎందుకంటే కడుపులోని శిశువు మెదడు ఎదుగుదలకు థైరాక్సిన్ అవసరం. మన దేశంలో 1962లో మొదలైన గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ద్వారా ఉప్పులో అయోడిన్ కలపడం వచ్చింది. ఇళ్ళలో వాడే దొడ్డుప్పులో అయోడిన్ కలిపారో లేదో సంచి మీద చూడాలి. కలిపి ఉన్నా, ఆ ఉప్పును కడిగి ఎండబెడితే అయోడిన్ చాలావరకు పోతుంది.

పారాథైరాయిడ్ గ్రంథులు

థైరాయిడ్ వెనుకవైపు సాధారణంగా నాలుగు, బియ్యపు గింజంత గ్రంథులు అతుక్కుని ఉంటాయి. మనుషుల్లో వీటిని స్వీడన్‌కు చెందిన ఇవార్ శాండ్‌స్ట్రోమ్ 1880లో వర్ణించాడు. వీటి పని ఒక్కటే: రక్తంలో కాల్షియంను 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలపడం. గుండె కొట్టుకోవడానికి, కండరాలు, నాడులు పనిచేయడానికి ఈ మోతాదు తప్పకూడదు. కాల్షియం కొద్దిగా తగ్గగానే పారాథార్మోన్ విడుదలవుతుంది. అది మూత్రంలో కాల్షియం పోకుండా మూత్రపిండాలను ఆపుతుంది. అక్కడే విటమిన్ డి చురుకైన రూపంలోకి మారేలా చేసి, పేగు ఎక్కువ కాల్షియం పీల్చుకునేట్టు చూస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఎముకలోని కాల్షియంను రక్తంలోకి తీస్తుంది.

ఎముకను ధాన్యపు గుమ్మి అనుకోండి. చేను పండకపోయినా ఇంట్లో రోజూ వంట జరగాలి కాబట్టి గుమ్మిలోంచి తీస్తారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది కదా అని బయటివారు అనుకుంటారు. గుమ్మి అడుగు కనబడుతున్న సంగతి ఇంటివారికే తెలుసు. రక్త పరీక్షలో కాల్షియం సరిగ్గా ఉన్నంత మాత్రాన ఎముక బాగుందని చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఫ్లోరైడ్ ఏం చేస్తుంది?

ఈ రెండు జిల్లాల కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాయిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని భారతీయ ప్రమాణం. మరో వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. నల్లగొండలో అనేక బావులు, బోర్లలో ఇంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఈ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

ఎముకలో చేరిన ఫ్లోరైడ్ కొత్త ఎముకను అడ్డదిడ్డంగా పెంచుతుంది. ఆ కొత్త ఎముక గట్టిపడటానికి కాల్షియం కావాలి. అసలే తిండిలో కాల్షియం తక్కువైతే రక్తంలో కొరత ఏర్పడి పారాథైరాయిడ్ గ్రంథులు పని పెంచుతాయి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక తేలిగ్గా కరగదు కనుక, మిగిలిన మంచి ఎముక కరుగుతుంది. అందుకే ఒకే మనిషిలో వెన్నెముక రాయిలా బిగుసుకుపోయి, కాళ్ళ ఎముకలు మాత్రం గుల్లబారవచ్చు. ఎక్స్‌రేలో ఈ రెండూ కలిసి కనిపించడం మొదట వైద్యులకూ వింతే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఫ్లోరోసిస్ ప్రాంతంలోని యువతీయువకులలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వ్యాధిని వర్ణించారు. అలాంటి రోగుల రక్తంలో పారాథార్మోన్ పెరిగి ఉందని 1976లో శివకుమార్, కృష్ణమాచారి ప్రచురించారు. నాగార్జునసాగర్ ఊటనీటి వల్ల నేల మారి, జొన్నల్లో మాలిబ్డినం పెరిగి, శరీరంలో రాగి తగ్గడం కూడా ఒక కారణమని ఈ పరిశోధకులు భావించారు. ఒక్క ఫ్లోరైడ్‌నే కాకుండా నేలను, తిండిని, హార్మోన్‌ను కలిపి చూడటం ఈ పరిశోధనల్లో మెచ్చుకోదగిన విషయం.

మరి థైరాయిడ్ సంగతి? ఫ్లోరైడ్ దానిపై చూపే ప్రభావం గురించి జరిగిన అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. మీ ఊళ్ళో ఎవరికి థైరాయిడ్ వచ్చినా నీళ్ళ వల్లే అనడం తొందరపాటు.

నిత్యజీవితంలో

నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ ద్వారా ఇప్పుడు నదీజలం ఇళ్ళకు వస్తోంది. అయితే పొలం దగ్గర బోరు నీళ్ళు తాగడం మానకపోతే ఈ మేలు సగమే. ఇప్పటికే వంగిన ఎముకను మంచినీళ్ళు తిరిగి నిటారు చేయలేవు; ఎదిగే పిల్లలను మాత్రం కాపాడతాయి.

తైదలలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు, నువ్వులు, మునగాకు కూడా గుమ్మిని నింపేవే. చింతపండు విషయంలో ఒక ఆసక్తికరమైన ఫలితముంది: రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు తిన్న బాలురలో మూత్రం ద్వారా ఎక్కువ ఫ్లోరైడ్ బయటికి పోయిందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో తెలిపారు. పచ్చిపులుసు మందు కాదనుకోండి, అయినా మన వంటింటికి కాస్త గౌరవమే.

ఇంకొక జాగ్రత్త. థైరాక్సిన్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ వాడేవారు వాటిని కలిపి వేసుకోకూడదు. కాల్షియం థైరాక్సిన్‌ను పేగులోనే అడ్డుకుంటుంది. రెండింటి మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

ఇరవై ఏళ్ళు బోరు నీళ్ళు తాగిన ఒక మహిళకు నడుము వంగడం లేదు, కాళ్ళ ఎముకలు నొప్పి. రక్తంలో కాల్షియం 9.2, టి.ఎస్.హెచ్. మామూలుగానే ఉంది. "రిపోర్టులన్నీ బాగున్నాయి, నీకేం లేదు" అని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. వారికి మీరేం చెబుతారు? ఇంకా ఏ హార్మోన్‌ను పరీక్షించమని అడుగుతారు?