కంప్యూటరు గీసిన విమానం

పిల్లలూ, ఏర్‌బస్ ఏ-380 అనే విమానాన్ని గురించి విన్నారా? ఇంతవరకు తయారైన ప్రయాణీకుల విమానాలన్నిటిలోకీ అదే పెద్దది. దానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు అంతస్తులున్నవి. అందులోని విద్యుత్తు తీగలన్నీ ఒకదాని కొకటి కలిపి పరిస్తే సుమారు 530 కిలోమీటర్లు వస్తవి. అంటే విజయవాడ నుంచి హైదరాబాదు పోయి, మళ్ళీ విజయవాడ దరిదాపులకు వచ్చేటంత పొడవన్నమాట!

ఈ విమానం ఒక్కచోట తయారయినది కాదు. దీని భాగాలు జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటన్, స్పెయిన్ దేశాలలో తయారై, ఫ్రాన్సులోని టులూజ్ నగరం చేరేవి. అక్కడ వాటిని కూర్చి విమానం చేసేవారు. విమానపు ఒంటిలో ముందు భాగమూ, వెనుక భాగమూ జర్మనీలోని హాంబర్గ్ నగరం నుంచి వచ్చేవి. వాటిలో తీగల కట్టలు ముందుగానే అమర్చి పంపేవారు.

తీరా కూర్చబోయేసరికి ఏమయిందో తెలుసా? కొన్నిచోట్ల తీగలు పొట్టివై, కలియవలసిన చోటికి అందలేదు!

ఆ తీగల కొలతలు ఎవరో ఉజ్జాయింపుగా వేసినవి కావు. గొప్ప ఇంజనీర్లు కంప్యూటర్ల మీద గీసి, చూసుకుని నిర్ణయించినవే. మరి కంప్యూటరు కూడా కొలత తప్పుతుందా? దీనికి జవాబు తెలియాలంటే, ఇంజనీర్లు కంప్యూటరుతో బొమ్మలు ఎట్లా గీస్తారో ముందు చూడాలి.

బడిలో మీరు కూచునే బల్లనే తీసుకుందాం. పూర్వం దాన్ని చేయించాలంటే కాగితం మీద మూడు బొమ్మలు గీసేవారు. పైనుంచి చూస్తే ఎట్లా వుంటుందో ఒకటి, ఎదుటి నుంచి చూస్తే ఎట్లా వుంటుందో ఒకటి, పక్కనుంచి చూస్తే ఎట్లా వుంటుందో ఒకటి. బల్ల పొడవు మార్చాలని తోస్తే బొమ్మలలో ఆ పొడవున్న చోటల్లా చెరిపి మళ్ళీ గీయాలి. ఒకచోట చెరిపి మరొకచోట మరిచారో, వడ్రంగి ఆ మరిచిన కొలతకే చెక్క కోస్తాడు. చెక్క దండుగ!

1963లో ఈ బాధకు విరుగుడు కనిపించింది. అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయంలో ఐవాన్ సదర్లాండ్ అనే ఇరవై నాలుగేళ్ళ యువకుడు, డాక్టరు పట్టం కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. అప్పట్లో కంప్యూటరంటే గదినిండా పరుచుకునే యంత్రం. సదర్లాండ్ వెలుగు కలం ఒకటి పట్టుకుని దాని తెరమీద గీతలు గీసేవాడు. గీత వంకరగా వచ్చినా ఫరవాలేదు. "ఈ రెండు గీతలూ సమాంతరాలు," "ఈ మూల లంబకోణం" అని ఆజ్ఞాపిస్తే, కంప్యూటరు వాటిని తానే సరిచేసేది.

ఇందులోని కిటుకు గ్రహించారా? కాగితానికి గీత మాత్రమే తెలుసు. ఈ కంప్యూటరుకు గీతకూ గీతకూ గల సంబంధం కూడా తెలుసు. నేటి ఇంజనీర్లు వాడే ప్రోగ్రాములకు మూలం ఇదే. వీటిని ముద్దుగా "క్యాడ్" అంటారు. కంప్యూటరు సహాయంతో రూపకల్పన చేయడమని దీని అర్థం. 1982లో ఆటోకాడ్ అనే ప్రోగ్రాము వచ్చి, ఈ విద్యను బల్లమీద పట్టే చిన్న కంప్యూటర్లలోకి తెచ్చింది. ఈనాడు మన పాలిటెక్నిక్ విద్యార్థులు కూడా దీన్ని నేర్చుకుంటున్నారు.

ఇప్పుడు మన బల్లను క్యాడ్‌లో చేద్దాం. పలక పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 30, మందం 3. "కాలి నడిమి గీత ఎప్పుడూ పలక చివరకు 10 సెంటీమీటర్ల దూరంలో వుండాలి" అని చెప్పాం. అప్పుడు ఒక కాలికీ, రెండవ చివర వున్న కాలికీ నడుమ దూరం 100 సెంటీమీటర్లు. ఇక పలక పొడవును 150గా మార్చండి. కాళ్ళు వాటంతటవే జరుగుతవి. నడుమ దూరం 130 అవుతుంది. పై బొమ్మా, ఎదుటి బొమ్మా, పక్క బొమ్మా అన్నీ ఒక్కసారే మారిపోతవి. చెరపడం లేదు, మరవడం లేదు.

అంతే కాదు. మొదటి పలకలో 10,800 ఘన సెంటీమీటర్ల కలప పడుతుంది. ఘన సెంటీమీటరు టేకు 0.65 గ్రాములని చెబితే, పలక సుమారు 7 కిలోలు తూగుతుందని క్యాడ్ వెంటనే చెబుతుంది. చెక్క కొనకముందే బరువు తెలిసిందన్నమాట!

బల్లకే ఇంత మేలయితే విమానానికి ఎంత మేలో ఆలోచించండి. పూర్వం కొత్త విమానం తలపెడితే, గొట్టాలూ తీగలూ ఒకదాని కొకటి అడ్డం వస్తవేమో చూడడానికి నిలువెత్తు నమూనా కట్టేవారు. అమెరికాలో బోయింగ్ 777 విమానాన్ని పూర్తిగా కంప్యూటరు మీదనే రూపొందించారు. అట్లా తయారైన మొదటి జెట్ ప్రయాణీకుల విమానం అదే. బోల్టులతో సహా దానిలో సుమారు 30 లక్షల భాగాలున్నవి. ఏ భాగం దేనికి అడ్డం వస్తున్నదో తెరమీదనే చూసి సరిచేసుకున్నారు. 1994 జూన్ 12న అది మొదటిసారి గాలిలోకి లేచింది.

ఇంత గొప్ప పనిముట్టును చూసి ఇంజనీర్లు ఎందుకు విసుక్కుంటారు? అదీ చెబుతాను.

నేను బడిపంతులుగా వున్న రోజుల్లో హాజరు పట్టీలో పిల్లల పేర్లు అక్షర క్రమంలో రాసి నెంబర్లు వేసేవాళ్ళం. "7వ నెంబరు కుర్రవాడికి చూపు తక్కువ. ముందు వరుసలో కూచోబెట్టవలెను" అని ఒక ఉపాధ్యాయుడు కాగితం మీద రాసిపెట్టాడనుకోండి. మర్నాడు అప్పారావనే కుర్రవాడు కొత్తగా చేరాడు. పట్టీ మళ్ళీ రాశారు. అందరి నెంబర్లూ ఒకటి చొప్పున జరిగినవి. ఇప్పుడు 7వ నెంబరువాడు వేరొకడు! కాగితాన్ని నమ్మితే చూపు బాగున్నవాడు ముందు కూచుంటాడు, చూపు తక్కువవాడు వెనక్కు పోతాడు.

క్యాడ్‌లోనూ సరిగ్గా ఇట్లాగే జరుగుతుంది. వస్తువు ముఖాలకు ప్రోగ్రాము నెంబర్లు వేసుకుంటుంది. "7వ ముఖం మీద బెజ్జం వేయి" అన్న సంగతి జ్ఞాపకం వుంచుకుంటుంది. తరవాత మీరు వెనక్కు పోయి ఒక మూల చెక్కారు. కొత్త ముఖం పుట్టి నెంబర్లు మారినవి. దాంతో బెజ్జం మరొక పక్కకు పోతుంది. లేదా ప్రోగ్రాము ఎర్రగుర్తు చూపించి, "నాకు తెలియదు" అని కూచుంటుంది. ఫ్రీక్యాడ్ అని, ఎవరైనా డబ్బివ్వకుండా వాడుకోగల ప్రోగ్రా మొకటి వున్నది. అది 2002లో వచ్చింది. ఈ చిక్కును దానిలో చాలావరకు సరిచేసిన 1.0 కూర్పు 2024లో గాని రాలేదు. చిక్కు ఎంత గట్టిదో చూశారా!

మరికొన్ని బాధలున్నవి. భాగాలు వేలకు వేలయితే కంప్యూటరు నత్తనడక నడుస్తుంది. ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా ఆగిపోతుంది. భద్రం చేసుకోనివాడికి పొద్దుటి నుంచి చేసిన పని నీళ్ళపాలే. పెద్ద ప్రోగ్రాముల ఖరీదు ఎక్కువ. కొన్నిటికి ఏటేటా రుసుము కట్టకపోతే మన బొమ్మ మనకే తెరుచుకోదు. అన్నిటికన్న పెద్ద బాధ, ఒక ప్రోగ్రాములో గీసినదాన్ని మరొకటి సరిగా చదవలేకపోవడం. ఒకే ప్రోగ్రాములో కొత్త కూర్పుకూ పాత కూర్పుకూ కూడా పొత్తు కుదరదు.

విమానంలో తీగ పొట్టి కావడానికి కారణం ఇక్కడే వున్నది. ఏ-380 కోసం నాలుగు దేశాలవారూ కాటియా అనే ప్రోగ్రామునే వాడారు. అయితే ఫ్రాన్సువారూ, బ్రిటన్‌వారూ 5వ కూర్పు వాడితే, జర్మనీవారూ, స్పెయిన్‌వారూ 4వ కూర్పు వాడారు. 5వ కూర్పు పాతదానికి మెరుగు పెట్టినది కాదు, మొదటినుంచి కొత్తగా రాసినది. అందుచేత ఒకచోట చేసిన మార్పు మరొకచోటికి పూర్తిగా చేరలేదు. మీరే ఒక పురికొస తీసుకుని పుస్తకం చుట్టూ తిప్పి, సరిగ్గా అందేటట్టు కత్తిరించండి. ఇప్పుడు ఆ పుస్తకం తీసి అంతకన్న కాస్త పెద్ద పుస్తకం పెట్టండి. పురికొస అందదు గదా! తీగల సంగతీ అంతే. తోవ మారింది, ఆ మార్పు తీగ కోసేవాడికి తెలియలేదు.

కంప్యూటర్లకు లెక్క రాక కాదు. దేని లెక్క దానికి సరిగానే వున్నది. రెండు లెక్కలూ ఒకటేనా అని అడగడం మనుషుల పని. అది సకాలంలో జరగలేదు.

దాని ఫలితం చిన్నది కాదు. హాంబర్గ్ నుంచి వందలకొద్దీ పనివాళ్ళు ఇల్లూ వాకిలీ విడిచి టులూజ్ వచ్చి, తీగలు లాగి, చేతులతో మళ్ళీ అమర్చవలసి వచ్చింది. విమానాలు అందించడం మొత్తంమీద దాదాపు రెండేళ్ళు ఆలస్యమయింది. కంపెనీకి వందల కోట్ల యూరోల నష్టం వచ్చింది. చివరకు 2007 అక్టోబరులో మొదటి విమానం సింగపూర్ ఏర్‌లైన్స్ వారికి చేరింది. 2021లో వీటి తయారీ ఆపేశారు గాని, తయారైన వాటిలో చాలా ఈనాటికీ క్షేమంగా ఎగురుతున్నవి. తప్పు ఒప్పుకుని, ప్రతి తీగా మళ్ళీ చూసి సరిచేసినవారి చలవే అది.

పిల్లలూ, మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు. అప్పటికి ఇంకా తెలివైన ప్రోగ్రాములు వస్తవి. ఇప్పుడే ఒక పని చేయండి. రేపు బడిలో మీ బల్లను కొలబద్దతో కొలిచి బొమ్మ గీయండి. ఒక్కొక్క కొలత పక్కన, అది అంతే ఎందుకుండాలో ఒక్క ముక్క రాయండి. కాలు చివరకు అంత దూరంలో ఎందుకున్నది? పలక అంత మందం ఎందుకు? తరవాత ఆ బొమ్మను మీ స్నేహితుడికిచ్చి, బల్ల చూడకుండా అదే బొమ్మ మళ్ళీ గీయమనండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా ఎక్కడ వచ్చిందో, మీరు చెప్పడం మరిచినది అక్కడే వుంటుంది.