పెన్షన్‌కు తోడు ట్యూషన్

ద్వారకలో రిటైరైనవారికి పాఠాలూ ఆదాయమే. ఏ పాఠం అన్నదే ప్రశ్న

ఫ్లాటు సొంతమే, అప్పూ తీరింది. నెల తిరిగేసరికి చేతిలో మాత్రం డబ్బు ఆడదు. ఢిల్లీ శివార్లలో డీడీఏ తీర్చిదిద్దిన ద్వారకలో, సహకార గృహ సంఘాల్లో ఇల్లు దక్కించుకున్న ప్రైవేటు ఉద్యోగి రిటైరయ్యాక ఎదుర్కొనే చిక్కు ఇది.

ఉద్యోగుల పెన్షన్ పథకం సూత్రం ప్రకారం 15,000 రూపాయల వేతన పరిమితిపై 35 ఏళ్ల సర్వీసుకు నెలకు వచ్చేది 7,500. కనీస పెన్షన్‌ను 2014లో 1,000గా ఖరారు చేశారు. ధరలు ఎంత పెరిగినా కరవు భత్యం ఉండదు.

ట్యూషన్ అక్కరకొచ్చేది ఇక్కడే. నలుగురు పిల్లలు, తలకు 1,500 అనుకుంటే నెలకు 6,000. అంత వడ్డీ రావాలంటే సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో, 2023 ఏప్రిల్లో ప్రకటించిన 8.2 శాతం రేటు ప్రకారం, దాదాపు 8.8 లక్షలు దాచాలి. ట్యూషన్‌కు కావలసింది ఓ బల్ల, ఓ బోర్డు. 2009 నాటి విద్యాహక్కు చట్టం సర్వీసులో ఉన్న టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదంటుంది. రిటైరైనవారికి ఆ అడ్డు లేదు.

లెక్కలు, సైన్సులకు గిరాకీ ఉన్నా కుర్రకారు నడిపే కోచింగ్ సెంటర్లతో పోటీ పడాలి. భాషకు వయసు అడ్డు కాదు. ఆఫీసులో ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు డ్రాఫ్టులు దిద్దిన చెయ్యి ఎనిమిదో తరగతి వ్యాసాన్ని దిద్దలేదా?

తెలుగు సంగతి కాస్త చిత్రం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో పుట్టిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడుల్లో తెలుగు చెబుతారు. అందులో ఒకటి ద్వారక నుంచి మెట్రోలో కొద్ది స్టేషన్ల దూరంలోని జనక్‌పురిలో ఉంది. పరీక్ష ఉన్నచోట ట్యూషన్‌కూ చోటుంటుంది. మిగతా బడుల పిల్లలకు తెలుగు ఇంట్లో మాట మాత్రమే. "మాస్టారూ, మావాడికి కాస్త అఆలు దిద్దించండి" అని అడిగే తల్లిదండ్రులకు ఫీజు గుర్తుకు రాదు, అడగడానికి మాస్టారికి మొహమాటం. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో పాఠాలు చెప్పేది స్వచ్ఛంద కార్యకర్తలే. అది సేవ. పెన్షన్ చాలని మనిషి మొదటి రోజే ఫీజు చెప్పెయ్యడం మేలు.

వేసవి సెలవులకు పిల్లలు ఊరెళితే ఫీజూ ఆగిపోతుంది. మాస్టారికి జ్వరం వచ్చినా అంతే. మందుల ఖర్చును ఈ రాబడికి ముడిపెట్టకూడదు. పీఎఫ్ సొమ్ము మొత్తం తీసి కోచింగ్ ఫ్రాంచైజీలో పోసేవారి సంగతి వేరు. వాళ్లది వ్యాపారం, నష్టమొస్తే మళ్లీ సంపాదించే వయసు కాదు.