ఆకలిని మరపించే మొక్క

ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో కలహారి ఎడారి ఉంది. బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికా దేశాల్లో విస్తరించిన ఈ నేలలో సాన్ ప్రజలు వేల సంవత్సరాలుగా నివసిస్తున్నారు. వేట, కందమూలాల సేకరణ వారి పూర్వపు జీవనాధారం. బాణం తగిలిన జింక వెంట ఒక్కొక్కసారి రోజుల తరబడి నడవవలసి వచ్చేది. దారిలో తిండి దొరకదు, నీరు అంతకన్నా దొరకదు. అప్పుడు వారు ఒక మొక్క కాండాన్ని కోసి, ముళ్ళు చెక్కివేసి, పచ్చిగా నమిలేవారు. చేదుగా ఉన్నా అది ఆకలిని, దప్పికను అణచేది. ఆ మొక్క పేరు హూడియా. అజీర్తికీ కడుపునొప్పికీ కూడా దానిని వాడేవారు.

చూడటానికి హూడియా బ్రహ్మజెముడులా ఉంటుంది గాని ఆ జాతిది కాదు. మన జిల్లేడు, గన్నేరు దీనికి చుట్టాలు. ఆకులు ఉండవు. మాంసపు రంగులో పళ్ళెంలా విచ్చుకునే పూలు కుళ్ళిన మాంసం వాసన కొడతాయి. ఆ వాసనకు మూగే ఈగలే పరాగసంపర్కం జరుపుతాయి. దక్కను రాళ్ళ నేలల్లో పెరిగే కుందేటి కొమ్ముల మొక్క దీనికి మరీ దగ్గరి బంధువు. దాని శాస్త్రీయ నామంలోని కరల్లుమా అనే మాట, వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ 1795లో గ్రంథస్థం చేసిన తెలుగు పేరు నుంచి వచ్చిందే!

దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన మండలి 1963లో హూడియాను పరీక్షించడం మొదలుపెట్టింది. ఆకలిని అణచే పదార్థాన్ని వేరుచేయడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1990ల మధ్యలో మండలి దానిపై పేటెంటు కోరింది. ఆ పదార్థానికి పి-57 అని పేరు పెట్టారు. ఇది స్టెరాయిడ్ గ్లైకోసైడ్, అనగా నాలుగు వలయాల స్టెరాయిడ్ అణువుకు చక్కెర అణువుల గొలుసు అతికిన పదార్థం. ఆ గొలుసులో మూడు చక్కెరలుంటాయి: రెండు సైమరోజ్, ఒకటి థెవిటోజ్. మెదడులో హైపోథాలమస్ అనే భాగం ఆకలిని అదుపుచేస్తుంది. పి-57ను నేరుగా ఎలుకల మెదడులోకి ఎక్కించినప్పుడు, అక్కడి కణాల్లో శక్తినిచ్చే ఏటీపీ పెరిగిందని 2004లో ప్రకటించారు. ఎలుకలు తిండి తగ్గించాయి. కడుపు నిండిందని మెదడు భ్రమపడిందన్నమాట.

పేటెంటు హక్కును ఒక బ్రిటిష్ కంపెనీకి, దాని ద్వారా అమెరికాలోని ఫైజర్‌కు ఇచ్చారు. స్థూలకాయానికి మందు దొరికినట్లేనని పత్రికలు రాశాయి. ఈ సంగతి సాన్‌లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ తెగ అంతరించిపోయిందనుకున్నామని కంపెనీ వారు 2001లో అన్నారు. అప్పటికి దక్షిణ ఆఫ్రికాలో సుమారు లక్షమంది సాన్‌లు జీవించే ఉన్నారు! వారు సంఘటితమై, న్యాయవాదుల సాయంతో అడిగారు. 2003 మార్చిలో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం మండలికి వచ్చే రాయల్టీలో 6 శాతం, పరిశోధన ఒక్కొక్క దశ దాటినప్పుడు మండలికి అందే సొమ్ములో 8 శాతం సాన్‌లకు చెందుతాయి.

ఆ మందు మాత్రం రానేలేదు. ఫైజర్ 2003లోనే తప్పుకొంది. తర్వాత చేపట్టిన యూనిలివర్ 2008లో మానుకొంది. అధిక బరువున్న స్త్రీలకు 15 రోజులు హూడియా సారం ఇచ్చి చూసిన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వారి తిండి చెప్పుకోదగినంత తగ్గలేదు. రక్తపోటు, నాడి వేగం పెరిగాయి. పి-57 జఠరరసంలో త్వరగా విచ్ఛిన్నమవుతుందని ప్రయోగశాలల్లో తేలింది. ఎండలో నడిచే వేటగాడు నమిలిన పచ్చి కాండం వేరు, సీసాలోని సారం వేరు. మొదటిదాన్ని రెండవదానితో కొలవడం ఎంతవరకు సబబో ఆలోచించవలసిందే.

ఈలోగా బరువు తగ్గిస్తామంటూ హూడియా పొడులు బజారుకెక్కాయి. వాటిలో చాలావాటిలో హూడియా లేదు. అడవి మొక్కలను విచ్చలవిడిగా పెరికివేయడంతో, 2004లో దీనిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ గల మొక్కల పట్టికలో చేర్చారు.

పి-57 మందుగా అమ్మకానికి రాకపోవడంతో సాన్‌లకు దానిపై రాయల్టీ అందలేదు. మధ్య దశల్లో వచ్చిన కొద్ది సొమ్మే దక్కింది. అయినా ఆ ఒప్పందం ఒక దారి చూపింది. దక్షిణాఫ్రికాలో రూయిబోస్ అనే పొద ఆకులతో తేనీరు కాచుకుంటారు. ఆ ఆకు వాడకం కూడా సాన్, ఖోయి ప్రజలు నేర్పినదే. 2019లో రూయిబోస్ వ్యాపారులు, పొలం వద్ద పలికే ధరలో 1.5 శాతం ఆ ప్రజలకు చెల్లించడానికి ఒప్పుకున్నారు.